మార్పులకు లెక్క

తాళపత్ర గ్రంథాలను ఒకరి ప్రతి చూచి మరొకరు రాసుకొనే కాలంలో, రాసిన ప్రతిసారీ పాఠం కొంత మారుతుండేది. ఏ లేఖకుడు, ఎప్పుడు, ఎందుకు మార్చాడో తెలిపే ఆధారం సాధారణంగా ఉండేది కాదు. అందువల్లనే 19వ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అనేక ప్రతులను సేకరించి, పండితుల సాయంతో పాఠాంతరాలను పోల్చి చూడవలసివచ్చింది. కంప్యూటర్ ప్రోగ్రాములకూ ఇదే చిక్కు ఉన్నది. ఒకే ప్రోగ్రామును పలువురు దిద్దుతారు. ఆ దిద్దుబాట్లకు లెక్క ఉంచే పద్ధతినే వర్షన్ కంట్రోల్ అంటారు.

నేడు ఈ పనికి విరివిగా వాడే సాధనం గిట్. లినక్స్ నిర్మాణం కోసం లినస్ టోర్వాల్డ్స్ 2005లో దీనిని రూపొందించాడు. ప్రోగ్రామర్ తన మార్పును ‘కమిట్’ చేసినపుడు అప్పటి పాఠంతోపాటు మార్చినవారి పేరు, సమయం, రాసిన కారణం భద్రమవుతాయి. పాత పాఠం చెరిగిపోదు.

పలువురు ఏకకాలంలో పనిచేయడానికి ‘బ్రాంచ్’ అనే ఏర్పాటు కలదు. దీనిని గ్రహించడానికి నిజామాబాదు జిల్లాలోని కందకుర్తిని తలచుకొనవచ్చును. అక్కడ మంజీర, హరిద్ర నదులు గోదావరిలో సంగమిస్తాయి. వేర్వేరు దారుల వచ్చిన నీరు ఒకే ప్రవాహమవుతుంది. అట్లే, హాల్‌టికెట్లు అందించే వెబ్ అనువర్తనంలో ఒకరు ఫొటో ముద్రించే భాగాన్ని, మరొకరు పరీక్షాకేంద్రాన్ని చూపే భాగాన్ని తమ తమ బ్రాంచ్‌లలో సవరిస్తారు. వాటిని ప్రధాన శాఖలో కలపడమే ‘మెర్జ్’. ఇద్దరూ ఒకే వరుసను వేర్వేరుగా మార్చితే గిట్ తానై తీర్పు చెప్పదు. నిర్ణయాన్ని మనిషికే వదలుతుంది.

కలిసిన పాఠం వెంటనే ప్రజల వద్దకు పోరాదు. కందకుర్తి దాటిన గోదావరి జలం పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్‌లో నిలిచి, కాకతీయ కాలువకు విడుదలవుతుంది. అనువర్తనం కూడా మొదట ‘స్టేజింగ్’ సర్వరులో నిలుస్తుంది. అసలు పరిస్థితులను పోలిన ఆ చోట పరీక్షలు నెగ్గిన కమిట్‌కు ‘ట్యాగ్’ అనే గుర్తుపేరు పెట్టి, దానినే ప్రజలు వాడే ‘ప్రొడక్షన్’ సర్వరులన్నింటికీ పంపుతారు. రహస్యపదాలను మాత్రం గిట్‌లో చేర్చరాదు. తరువాత తొలగించినా అవి పాత పాఠాలలో నిలిచే ఉంటాయి.

నది వెనుకకు మరలదు, ప్రోగ్రాము మరలగలదు. దోషం బయటపడినపుడు మునుపటి ట్యాగ్‌ను తిరిగి నిలపడాన్ని ‘రోల్‌బ్యాక్’ అంటారు. అయితే ఏ సర్వరులో ఏ పాఠమున్నదో తెలిసినపుడే అది మేలు చేస్తుంది. అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే వాటాల వ్యాపార సంస్థ ఎనిమిది సర్వరులలో ఏడింటికే కొత్త ప్రోగ్రామును చేర్చింది. 2012 ఆగస్టు 1న ఎనిమిదవ దానిలోని పాత భాగం మేల్కొని, అక్కరలేని ఆర్డర్లను వెల్లువగా పంపింది. సరిదిద్దబోయిన సిబ్బంది సవ్యంగా ఉన్న ఏడు సర్వరుల నుండి కొత్త ప్రోగ్రామును తొలగించగా చిక్కు మరింత ముదిరింది. సుమారు 45 నిమిషాల ఆ అలజడి వల్ల సంస్థ 46 కోట్ల డాలర్లకు పైగా కోల్పోయింది. ఆ ఏర్పాటును రెండవ వ్యక్తి సరిచూడలేదని విచారణలో తేలింది.

పరీక్షకు ముందురోజు హాల్‌టికెట్టు కోసం ఎదురుచూచే విద్యార్థికి గిట్ పేరు తెలియకపోవచ్చును. అతని పేరు, పరీక్షాకేంద్రం తప్పులేకుండా అందడం మాత్రం తెరవెనుక ప్రతి మార్పుకూ లెక్క ఉంచి, మరొకరిచేత సరిచూపించే వారి శ్రద్ధపైననే ఆధారపడి ఉన్నది.