ఒకే చెయ్యి... యాభై ఏళ్లు!

పేరు ఆయన పెట్టింది కాదు. హక్కులూ ఆయనవి కావు. గీసే చెయ్యి మాత్రం ఆయనదే. ఆ చెయ్యి ఆగిపోయినప్పుడే పత్రికల్లో చార్లీ బ్రౌన్ కొత్త కబుర్లూ ఆగిపోయాయి. ఎందుకంటే... అది ఆయన కోరిక!

పొద్దున్నే పేపరు రాగానే ఇంట్లో పంపకాలు మొదలవుతాయి. మొదటి పేజీ నాన్నకి, ఆటల పేజీ అన్నయ్యకి. పిల్లలు మాత్రం బొమ్మలెక్కడున్నాయా అని వెతుక్కుంటారు. 2000 ఫిబ్రవరి 13, ఆదివారం నాడు అమెరికా పత్రికల్లోని బొమ్మల పేజీలో ‘స్నూపీ’ అనే తెల్ల కుక్కపిల్ల తన గూటి మీద టైప్‌రైటర్ ముందు కూర్చుని ఉంది. పక్కనే ఓ ఉత్తరం. ఇన్నేళ్లూ ఆదరించిన పత్రికలకూ పాఠకులకూ కృతజ్ఞతలు చెబుతూ కార్టూనిస్టు చార్లెస్ షుల్జ్ రాసిన వీడ్కోలు ఉత్తరం అది. పాఠకులు దాన్ని చదివే సమయానికి ఆయన లేరు. ముందురోజు రాత్రే కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో కన్నుమూశారు. వయసు 77.

పేరు దగ్గరే పేచీ

షుల్జ్ 1922 నవంబరు 26న మినియాపొలిస్‌లో పుట్టారు. తండ్రికి క్షౌరశాల ఉండేది. పసివాణ్ని చూడగానే బాబాయో మామయ్యో ‘స్పార్కీ’ అని ముద్దుపేరు పెట్టేశాడు. అప్పట్లో పేపర్లో వచ్చే ఓ కార్టూన్ స్ట్రిప్‌లోని గుర్రం పేరు ‘స్పార్క్ ప్లగ్’. దాన్నుంచి వచ్చిందే ఈ స్పార్కీ. కార్టూన్ల లోకం ఆయన్ని ఉయ్యాల్లోనే దత్తత తీసుకుందన్నమాట!

రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పనిచేసి వచ్చాక, 1947లో సెయింట్ పాల్ నగరంలోని పత్రికకు ‘లిల్ ఫోక్స్’ పేరుతో చిన్నపిల్లల కార్టూన్లు గీయడం మొదలుపెట్టారు. వాటిని పట్టుకుని 1950లో న్యూయార్క్‌లోని యునైటెడ్ ఫీచర్ సిండికేట్ తలుపు తట్టారు. రైతుకీ కొట్టుకీ మధ్య మండీ వ్యాపారి ఉన్నట్టు, కార్టూనిస్టుకీ పత్రికలకీ మధ్య ఉండేదే సిండికేట్. ఒక్కరి దగ్గర బొమ్మలు తీసుకుని వందల పత్రికలకు అమ్ముతుంది. అప్పట్లో చాలా ఒప్పందాల్లో పాత్రల మీద హక్కులు కూడా దానివే.

షుల్జ్ విషయంలోనూ అదే జరిగింది. పైగా ‘లిల్ ఫోక్స్’ అనే పేరు వేరే స్ట్రిప్పుల పేర్లకు దగ్గరగా ఉందంటూ సిండికేటే కొత్త పేరు తగిలించింది... ‘పీనట్స్’. అంటే వేరుసెనగలు. అమెరికన్ల వాడుకలో లెక్కలోకి రాని చిల్లర విషయమన్న అర్థమూ ఉంది. ఆ పేరు షుల్జ్‌కి జీవితాంతం నచ్చలేదు. అయినా 1950 అక్టోబరు 2న ఏడు పత్రికల్లో అదే పేరుతో మొదలైంది.

ఆ స్ట్రిప్‌లో నాలుగు గళ్లూ సమానంగా ఉండేవి. పత్రికవాళ్లు వాటిని అడ్డంగా వేసుకోవచ్చు, నిలువుగా పేర్చుకోవచ్చు, రెండేసి చొప్పున చతురస్రంగా కూడా సర్దుకోవచ్చు. ఎక్కడ కాస్త చోటు మిగిలితే అక్కడ ఇమిడిపోతుందని చెప్పి సిండికేట్ దాన్ని అమ్మింది. అంత చిన్న గడిలో వివరాలకు చోటెక్కడిది? అందుకే గుండ్రటి తల, నాలుగు గీతలు, తక్కువ మాటలు. ఆ ఇరుకే చివరికి షుల్జ్ శైలి అయింది.

సాయం లేదు... సెలవూ లేదు

పేరున్న కార్టూనిస్టులు సహాయకుల్ని పెట్టుకోవడం అక్కడ మామూలే. ఒకరు ఆలోచన ఇస్తే ఇంకొకరు ఇంకు పెడతారు, మరొకరు అక్షరాలు రాస్తారు. షుల్జ్ మాత్రం పీనట్స్‌కి అన్నీ తానే చేసుకున్నారు. అలా గీసినవి 17,897 స్ట్రిప్పులు! యాభై ఏళ్లలో చెప్పుకోదగ్గ సెలవు ఒక్కటే... 75వ పుట్టినరోజు సందర్భంగా 1997 చివర్లో ఐదు వారాలు. ఆయనకు ఇష్టమైన పాళీ ఎస్టర్‌బ్రూక్ కంపెనీది. దాని తయారీ ఆగిపోతోందని తెలిసి, మిగిలిన సరుకంతా కొని దాచుకున్నారు.

1981లో గుండెకు బైపాస్ ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత చెయ్యి వణకడం మొదలైంది. గీత అదురుతున్న సంగతి అచ్చులోనూ తెలిసిపోయేది. అయినా పాళీ ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

ఫ్రాంక్లిన్ వచ్చిన రోజు

హక్కులు సిండికేట్‌వే అయినా గడిలో ఎవరుండాలన్న మాట మాత్రం షుల్జ్‌దే. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. కొద్దిరోజులకే లాస్ ఏంజెలెస్‌కి చెందిన హారియట్ గ్లిక్‌మన్ అనే ఉపాధ్యాయురాలు షుల్జ్‌కి ఉత్తరం రాసింది. మీ పిల్లల గుంపులో ఓ నల్లజాతి పిల్లాడు కూడా ఉంటే బాగుంటుంది కదా అన్నది దాని సారాంశం. నల్లజాతివాళ్లని చులకనగా జాలిచూపినట్టు అవుతుందేమోనని ఆయన మొదట సందేహించారు. గ్లిక్‌మన్ తన నల్లజాతి స్నేహితుల అభిప్రాయాలు కూడా అందేలా చూసింది. అదే ఏడాది జులై 31న సముద్రం ఒడ్డున చార్లీ బ్రౌన్‌కి ఫ్రాంక్లిన్ పరిచయమయ్యాడు. నల్ల పిల్లాడూ తెల్ల పిల్లలూ ఒకే బడిలో కూర్చోవడం కొందరికి మింగుడుపడలేదు. షుల్జ్ వెనక్కి తగ్గలేదు.

వారసుడు వద్దు

స్ట్రిప్ బాగా నడుస్తుంటే, గీసినవాడు పోయినా దాన్ని ఆపరు. 1930లో చిక్ యంగ్ మొదలుపెట్టిన ‘బ్లాండీ’ని 1973లో ఆయన చనిపోయాక కొడుకు డీన్ అందుకున్నాడు. డిక్ బ్రౌన్ సృష్టించిన ‘హాగర్’ని కూడా తండ్రి తర్వాత కొడుకు క్రిస్ నడిపించాడు. పీనట్స్‌కీ ఆ ముప్పు వచ్చింది. ఒక దశలో సూపర్‌మ్యాన్ బొమ్మలు గీసిన అల్ ప్లాస్టినోతో సిండికేట్ గుట్టుగా పీనట్స్ స్ట్రిప్పులు గీయించి పెట్టుకుంది. అవి పత్రికలకెక్కలేదు.

తన తర్వాత ఇంకెవరూ కొత్త స్ట్రిప్ గీయకూడదని షుల్జ్ కోరుకున్నారు. చిన్న కోరికేం కాదది. అప్పటికి పీనట్స్ 75 దేశాల్లో, 21 భాషల్లో, సుమారు 2,600 పత్రికల్లో వస్తోంది. దాన్ని ఆపడమంటే బంగారు గుడ్లు పెట్టే బాతును కాదనుకోవడమే. 1999 నవంబరులో పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. డిసెంబరు 14న రిటైర్మెంట్ ప్రకటించారు. కాగితం మీద హక్కులు తనవే అయినా సిండికేట్ ఆ కోరికను మన్నించింది.

స్ట్రిప్‌లో ఓ పాత ఆట ఉంది. లూసీ బంతి పట్టుకుంటుంది. చార్లీ బ్రౌన్ పరుగెత్తుకొస్తాడు. తన్నబోయే క్షణంలో ఆమె బంతి లాగేస్తుంది. వాడు వెల్లకిలా పడతాడు. ఎన్నేళ్లయినా అంతే! చివరి స్ట్రిప్‌పై సంతకం పెట్టాక, పాపం వాడు ఆ బంతిని తన్నలేకపోయాడే అని షుల్జ్‌కి గుర్తొచ్చి కళ్లు చెమర్చాయట.

చోటు ఖాళీ అయిందా?

పత్రికలు పీనట్స్ పాత స్ట్రిప్పుల్నే మళ్లీ వేయడం మొదలుపెట్టాయి. 2010లో ఐకానిక్స్ అనే కంపెనీతో కలిసి షుల్జ్ కుటుంబం హక్కులు కొనుక్కుంది. కుటుంబం వాటా 20 శాతం. 2015లో ఆయన కొడుకు, మనవడు రచనలో పాలుపంచుకున్న యానిమేషన్ సినిమా కూడా వచ్చింది.

ఇక్కడో మెలిక ఉంది. పెద్దాయన తప్పుకుంటే కొత్త కుర్రాడికి చోటు దొరకాలి. పదేళ్లు గీసి, 1995 డిసెంబరు 31న ‘కాల్విన్ అండ్ హాబ్స్’ని ఆపేసిన బిల్ వాటర్సన్, చనిపోయినవాళ్ల స్ట్రిప్పుల్ని ఇతరులతో గీయించడాన్ని 1989లోనే తప్పుబట్టారు. పీనట్స్‌కి వారసుడు రాలేదు గానీ దాని చోటూ ఖాళీ కాలేదు. అక్కడ కూర్చున్నవి షుల్జ్ పాత బొమ్మలే. కొత్త కార్టూనిస్టు మాత్రం గుమ్మం బయటే!

అయినా ఆయన కోరికలో న్యాయం ఉంది. తొలినాళ్ల స్ట్రిప్పునీ 1999 నాటి స్ట్రిప్పునీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో గీత నున్నగా, చురుగ్గా సాగుతుంది. రెండోదాంట్లో సన్నగా అదురుతుంది. చార్లీ బ్రౌన్‌కి వయసు పైబడలేదు. గీతకు పైబడింది. మన ఇంట్లో తాతయ్య చేతిరాతలాగే... దాన్ని ఇంకొకరు అనుకరించవచ్చు. కానీ ఆ ఉత్తరం తాతయ్యది కాదు కదా!