టోర్నడో అను మాట: గాలిని కనిపెట్టువారి భాషను గూర్చి కొంత విచారము

2024వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన తెలంగాణమునందలి ములుగు జిల్లాలో, తాడ్వాయి–మేడారము అడవులమీద ఒక గాలి విరుచుకొనిపడెను. కొద్దిసేపటిలో వేలాది మహావృక్షములు వ్రేళ్ళతో పెకలి కూలెను. తొలి అంచనాలు ఆ సంఖ్యను 50 వేలుగా చెప్పినవి. వీచినది ఊరిలో కాదు, అడవిలో. కావున మిగిలిన సాక్ష్యము ముఖ్యముగా ఆ కూలిన చెట్లే. తరువాతి దినములలో ఆ గాలికి పలు పేర్లు వినవచ్చినవి. సుడిగాలి యని కొందరు, టోర్నడో యని కొందరు, పెనుగాలి యని కొందరు, మేఘవిస్ఫోటమని మరికొందరు అనిరి. ఒకే సంఘటనకు నాలుగు పేర్లు పుట్టుట భాషాసంపద యనుకొనరాదు. ఆ నాలుగును నాలుగు వేరు వస్తువుల పేర్లు.

అదే సంవత్సరము మార్చి 31వ తేదీన ఉత్తర వంగదేశమునందలి జల్పాయిగురి జిల్లాలో కొద్ది నిమిషములపాటు వీచిన గాలి ఇండ్లను కూల్చి, ప్రాణములను తీసెను. ఆ వార్తను అనువాదాభ్యాసముగా నేను తరగతిలో ఇచ్చితిని. ఒక విద్యార్థి దానిని “తుఫాను” అని తెనిగించెను. కాకినాడ ప్రాంతమునుండి వచ్చిన విద్యార్థిని వెంటనే, “అక్కడికి సముద్రమెక్కడిదండీ?” అని అడిగెను. ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు బీజము. వాతావరణశాస్త్రము నా వృత్తి కాదు. తెలుగుగడ్డకు దూరముగా తెలుగు బోధించుచు, తీరిక దొరకినప్పుడెల్ల మేఘములను చూచుచు వాటి పేర్లను పలుభాషలలో పోగుచేసికొనుట నా వ్యసనము. ఆ వ్యసనము నేర్పిన విషయమొకటి కలదు. గాలిని ముందుగా కనిపెట్టుటకు యంత్రములెంత అవసరమో, స్పష్టమైన మాట అంత అవసరము.

ముందుగా వస్తుభేదము తెలియవలెను. తుఫాను సముద్రముమీద పుట్టును. దాని వ్యాసము వందలాది కిలోమీటర్లు, ఆయువు కొన్ని దినములు. కృత్రిమోపగ్రహము దానిని పుట్టుకనుండి గమనింపగలదు. టోర్నడో యన్ననో, ఉరుముల మేఘముయొక్క అడుగుభాగమునుండి నేలవరకు దిగిన గాలిస్తంభము. దాని వెడల్పు సాధారణముగా కొన్ని వందల మీటర్లకు మించదు. పెక్కింటి ఆయువు పది నిమిషములలోపే. భూమిదగ్గర తేమతో నిండిన వెచ్చని గాలి, దానిపైన పొడిగాలి, ఎత్తునకు పోయినకొలది దిక్కును వేగమును మారుచుండు గాలి—ఈ మూడును కూడినచోట మేఘములోని ఊర్ధ్వవాయువు తిరుగనారంభించును. రాడారు ఈ భ్రమణమును గుర్తింపగలదు. కాని స్తంభము నిజముగా నేలను తాకినదా లేదా యని నిశ్చయించి చెప్పుటకు నేటికిని మనుష్యుని కన్నే ప్రధానసాధనము. ఇచ్చటనే గాలిని కనిపెట్టు ఔత్సాహికుని పని మొదలగును. అతడు చూచినది ఒక మాటగా మారి ఇతరులకు చేరవలెను. ఆ మాట తప్పినచో చూపు వ్యర్థము.

ఇక మన భాషల స్థితి చూతము. తెలుగున సుడిగాలి యన్న మాట ఉన్నది. వేసవి మధ్యాహ్నమున బీడునేలమీద ఎండుటాకులను త్రిప్పి లేపు గాలియు సుడిగాలియే, ఇండ్ల కప్పులను పెకలించు గాలియు సుడిగాలియే. మొదటిదానిని చూచి పిల్లలు ఆడుకొందురు. కావున “సుడిగాలి వచ్చుచున్నది” అన్న హెచ్చరిక విని పరుగెత్తువాడు ఉండడు. సంస్కృతమున చక్రవాతము కలదు. భాగవత దశమస్కంధమున తృణావర్తుడు చక్రవాతరూపమున వచ్చి బాలకృష్ణుని ఎత్తుకొనిపోయినట్లు కథ. దుమ్ముతో కన్నులను కప్పి, నేలమీది శిశువును ఆకాశమునకు ఎత్తిన ఆ గాలి టోర్నడోకే దగ్గర. నేటి హిందీలో చక్రవాత్ అనగా సముద్రపు తుఫాను. టోర్నడోకు బవండర్ వాడుదురు. వంగభాషలో ఘూర్ణిఝడ్ అనగా తుఫాను. టోర్నడో ఆంగ్లనామముతోనే నిలిచినది. కన్నడమున చండమారుతము, సుంటరగాళి యని రెండు మాటలు వేరుగా నున్నవి. మలయాళమున చుళలిక్కాట్టు రెంటికిని చెల్లుచున్నది. ఒక భాషనుండి మరియొక భాషకు ఈ వార్తలను అనువదించువారు, సంస్కృతపదము కనబడినదని నమ్మి యథాతథముగా దించినచో చదువరిని దారి తప్పింతురు.

ఆంగ్లమునందైనను ఈ స్పష్టత సహజముగా రాలేదు. సైక్లోను అను మాట కలకత్తాలోనే పుట్టినది. అచ్చట నావికావిచారణ సభకు అధ్యక్షుడైన హెన్రీ పిడింగ్టను, ఓడల దినచర్యపుస్తకములను సేకరించి తుఫానుల మార్గములను పటములపై గీచెను. 1789 డిసెంబరులో గోదావరీ ముఖమునందలి కోరింగ రేవును ముంచిన ఉప్పెనను గూర్చియు అతడు వ్రాసెను. పాముచుట్టను సూచించు గ్రీకుపదమును ఆధారము చేసికొని, 1848లో ప్రకటించిన నావికుల గ్రంథమున సైక్లోను అను నామమును స్థిరపరచెను. 1853లో మాట్లా నదిమీద రేవు కట్టదలచిన ప్రభుత్వమునకు, ఉప్పెన దానిని ముంచునని లేఖ వ్రాసెను. ఆ మాటను ఎవరును పట్టించుకొనలేదు. కానింగు రేవు కట్టబడి, 1867లో తుఫానుకు ధ్వంసమయ్యెను. అప్పటికి అతడు జీవించి లేడు.

టోర్నడోలు మిక్కిలిగా వీచు దేశము అమెరికా సంయుక్తరాష్ట్రములు. ఏడాదికి సుమారు 1,200. అచ్చట ఈ మాట చరిత్ర మరింత విచిత్రము. 1880 దశకమున సైన్యపు సంకేతశాఖకు చెందిన జాన్ ఫిన్లే వందలాది స్వచ్ఛంద పరిశీలకులను కూర్చి, టోర్నడో సూచనలను ప్రయోగాత్మకముగా ఆరంభించెను. 1884లో తాను చేసిన 2,803 సూచనలలో నూటికి 96.6 వంతులు సరియైనవని ప్రకటించెను. “టోర్నడో రాదు” అని ప్రతిదినము చెప్పుచు కూర్చున్నను నూటికి 98.2 వంతులు సరియగునని విమర్శకులు లెక్కకట్టి చూపిరి. అరుదైన ఆపదవిషయమున ఏమియు చెప్పనివాడే ఎక్కువ ఒప్పుగా కనబడును! కాని ఫిన్లే ముందుగా చెప్పగలిగిన 28 సందర్భములను ఆ మౌని ఒక్కటియు చెప్పియుండడు. తరువాత కొలదికాలమునకే, ప్రజలు భయపడుదురన్న కారణముచేత, సూచనలలో టోర్నడో అను పదమును వాడరాదని నిషేధము వచ్చెను. అది 1938 వరకు నిలిచెను. సంకోచము అటుపైనను పోలేదు.

ఆ నిషేధకాలముననే, 1925 మార్చి 18న, మిస్సోరి, ఇల్లినాయి, ఇండియానా రాష్ట్రములమీదుగా ఒక టోర్నడో సుమారు 350 కిలోమీటర్లు నడచి 695 మందిని చంపెను. ఆనాటి శాస్త్రము దానిని ముందుగా పసిగట్టగలిగియుండెడిదని నేననను. పలుకరాని మాటను గూర్చి పరిశోధనయు కుంటుపడునని మాత్రము అందును. 1948 మార్చి 20న ఓక్లహోమాలోని టింకరు వైమానికస్థావరమును ఒక టోర్నడో తాకెను. అచ్చటి వాతావరణాధికారులు ఫాబుష్, మిల్లరు అను ఇరువురు, ఆనాటి లక్షణములను పరిశీలించి, ఐదవదినమున అవే లక్షణములు మరల కనబడగా ఆ పేరును ఉచ్చరించి హెచ్చరిక చేసిరి. ఆ సాయంకాలమే అదే స్థావరమును టోర్నడో మరల తాకెను. 1952 నుండి పౌరులకును సూచనలు వెలువడసాగెను.

మాట విడుదలైన పిదప దాని సంతతి పెరిగెను. 1957 జూన్ 20న ఫార్గో నగరమును తాకిన టోర్నడోను ఊరివారు అనేకులు ఛాయాచిత్రములు తీసిరి. షికాగో విశ్వవిద్యాలయాచార్యుడు, జపానుదేశీయుడు అగు తెత్సుయా ఫుజిత ఆ చిత్రములను పోగుచేసి, కోణములను కొలిచి, మేఘముయొక్క అవయవములకు పేర్లు పెట్టెను. ప్రధానమేఘము క్రింద గోడవలె దిగు భాగమునకు “గోడమేఘము” అను అర్థము గల పేరు ఆయన పెట్టినదే. నేడు స్వచ్ఛంద పరిశీలకులకు శిక్షణలో మొట్టమొదట నేర్పు పదములలో అది యొకటి. గోడమేఘము నిలిచి తిరుగుచున్నదని పరిశీలకుడు ఒక్క వాక్యము పంపినచో కేంద్రమునందలివారికి సంగతి బోధపడును. ఔత్సాహికుల ఛాయాచిత్రములు లేనిచో ఆ పదము లేదు. ఆ పదము లేనిచో నేటి ఔత్సాహికుని వాక్యము లేదు.

ఒకే వాతావరణవ్యవస్థనుండి కొద్దికాలములో అనేక టోర్నడోలు పుట్టుటను విజృంభణ మనవచ్చును. 1974 ఏప్రిలు 3, 4 తేదీలలో పదమూడు రాష్ట్రములందు 148 టోర్నడోలు వీచి 300 మందికి పైగా చంపినవి. ఫుజిత విమానములో తిరుగుచు ఆ జాడలను పటములకెక్కించెను. పశ్చిమ వర్జీనియా అడవులలో ఒకచోట చెట్లు మెలివడి పడలేదు. ఒక కేంద్రమునుండి నక్షత్రకిరణములవలె వెలుపలికి వాలియుండెను. 1945లో అణుబాంబు పడిన నగరములను పరిశీలించినప్పుడు చూచిన జాడ ఆయనకు స్ఫురించెను. ఇది తిరుగు గాలి కాదనియు, మేఘమునుండి నిలువున నేలకు దూకి నలుదెసల పరచుకొను గాలి యనియు ఆయన తలచెను. 1975లో న్యూయార్కు విమానాశ్రయమున జరిగిన ప్రమాదమునకు కారణము అట్టిదేనని చూపి దానికి వేరు పేరు పెట్టెను. చాలమంది మొదట సందేహించిరి. డాప్లరు రాడారు ఆయన పక్షమున సాక్ష్యము చెప్పెను. విమానచోదకులకు నేడు దానిని గూర్చి ప్రత్యేకశిక్షణ కలదు. పేరు లేనంతకాలము అది చోదకుని పొరపాటుగనో టోర్నడోగనో లెక్కింపబడుచుండెను.

ఈ వ్యసనమున అపాయము లేకపోలేదు. టిం సమారాసు పట్టా లేని స్వయంశిక్షితుడు. గాలిమార్గమున పరికరములనుంచి, 2003లో టోర్నడోలోపల నూరు మిల్లీబార్ల పీడనపతనమును నమోదు చేసినవాడు. 2013 మే 31న ఎల్ రీనో సమీపమున, నాలుగు కిలోమీటర్లకు మించిన వెడల్పుగల టోర్నడో హఠాత్తుగా దారి మార్చగా, కుమారునితోను సహచరునితోను మరణించెను. అందుచేత ఔత్సాహికుని మొదటి ధర్మము వెంటబడుట కాదు; సురక్షితస్థలమునుండి చూచి, సరియైన మాటతో చెప్పుట.

ఇదంతయు పరదేశపు సంగతి యని త్రోసివేయుటకు వీలులేదు. వంగసముద్రపు తేమగాలి, ఛోటానాగపూరు పీఠభూమిమీది పొడిగాలి, పైన పడమటిగాలులు—ఈ మూడును మార్చి మొదలు మే వరకు వంగభూమిపై కూడును. ఆ ఋతువునందలి ఉరుముల గాలివానలను అచ్చటివారు కాలబైశాఖి యందురు. వాటిలో కొన్ని టోర్నడోలగును. 1838లో కలకత్తాచెంత వీచినదానిని ఆసియాటిక్ సొసైటీ పత్రిక వర్ణించినది. 1888 ఏప్రిలు 7న ఢాకా నవాబుల అహసాన్ మంజిల్ దెబ్బతిన్నది. 1989 ఏప్రిలు 26న బంగ్లాదేశమునందలి మాణిక్‌గంజ్ ప్రాంతమున సుమారు 1,300 మంది మరణించిరి. ప్రపంచమున ఏ ఒక్క టోర్నడోయు ఇంతమందిని చంపినట్లు లెక్కలు లేవు. అమెరికాలో వీచువాటి సంఖ్య పెద్దది. మనవైపు మృతుల సంఖ్య పెద్దది. రేకుల ఇండ్లు, జనసమ్మర్దము ఇందుకు ముఖ్యకారణములు. జనులకు అర్థమగు హెచ్చరిక సకాలమున అందకపోవుటయు ఒక కారణమే.

తెలుగున ఇట్టి మాటలను ప్రజలు నేర్వరను వాదము చెల్లదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలమందిని బలిగొన్నది. నేడు కోస్తా రైతు అల్పపీడనము, వాయుగుండము, తీవ్రవాయుగుండము, తుఫాను అను మెట్లను వరుస తప్పక చెప్పును. వాయుగుండమని విన్నంతనే కుప్ప నూర్చుకొనును. ఇవి పాఠశాలలో నేర్చినవి కావు. ఆకాశవాణియు వార్తాపత్రికలును ఒకే మాటను ఒకే అర్థమున ఏండ్లతరబడి వాడుటచేత అలవడినవి.

కావున నా సూచనలు మూడు. టోర్నడో అను మాటను రైలువలె, రేడియోవలె యథాతథముగా స్వీకరింపవలెను; సుడిగాలిని చిన్నదానికి విడువవలెను; చక్రవాతమును ఈ అర్థమున వాడరాదు. రెండవది, మేఘమునుండి దూకి పరచుకొను గాలికి, దిగుడుబావి యన్నట్లు, దిగుడుగాలి యను పేరును పరిశీలింపవచ్చును. మూడవది, ఆపదకు అనుకూలపరిస్థితి కలదని చెప్పుటను “జాగ్రత్త” యనియు, ఆపద కంటబడినదని చెప్పుటను “హెచ్చరిక” యనియు వేరుగా వ్యవహరింపవలెను. ఇతరభాషల పండితులు తమ మాటలను ఇట్లే పరీక్షించి చూచినచో మనకొక సమానపదపట్టిక ఏర్పడును.

ములుగు అడవిలోని చెట్లు మెలివడి పడినవా, ఒక దిక్కునకు వాలినవా, కేంద్రమునుండి వెలుపలికి వాలినవా—శాస్త్రజ్ఞుడు అడుగు ప్రశ్న ఇదియే. ఆ మూడు జాడలకు మూడు మాటలు తెలిసిన అటవీరక్షకుడో, పశువులకాపరియో అచ్చట ఉన్నచో, మొదటి దినముననే సగము సమాధానము వచ్చును. ఆ మాటలను అతనికి అందించుట వాతావరణశాఖవారి పని మాత్రమే కాదు. భాషను వృత్తిగా గొన్న మనకును అందులో వంతు కలదు.