కొబ్బరినీళ్లు వద్దన్న అత్త

ఉద్దానంలో కొబ్బరిచెట్టు లేని ఇల్లయినా ఉంటుందేమోగానీ, ఊరు దాటి వెళ్లిన మనిషి లేని ఇల్లు దొరకడం కష్టం. మా తాతల కాలంలో బారువ రేవులో ఓడెక్కి ‘రంగం’ వెళ్లేవారు. రంగమంటే రంగూన్. అలా వెళ్లినవాళ్లలో కొందరు డబ్బుతో తిరిగొచ్చారు. కొందరు 1942లో యుద్ధానికి భయపడి అడవుల్లో నడుచుకుంటూ ఒట్టిచేతులతో వచ్చారు. కొందరు రానేలేదు. ఆ తర్వాత గల్ఫ్ వచ్చింది. వెల్డింగో, ఫిట్టింగో నేర్చుకుని బొంబాయి ఏజెంట్ల కోసం బయల్దేరే కుర్రాళ్లు, వాళ్ల తాళ్లు కట్టిన సూట్‌కేసులు... పలాస స్టేషన్లో మామూలు దృశ్యం. వెళ్లేది మగవాళ్లు, సాగనంపి కళ్లు తుడుచుకునేది ఆడవాళ్లు.

మా ఇంట్లో మాత్రం 1989లో ఇది తిరగబడింది. వెళ్లింది మా చిన్నత్త. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఏడ్చింది మా నాన్న.

అత్త నర్సు కావడం వెనక మా నాన్నమ్మ చేతులున్నాయి. మాటవరసకు అనడం కాదు, నిజంగా చేతులే. ఆవిడ కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. పిక్కపై పెంకులోంచి వచ్చే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద రాసుకుని కొట్టినా వేళ్లు నల్లబడి, తోలు ఊడుతుంది. ఎంత తోమినా ఆ నలుపు పోదు. తెల్లటి, నున్నటి పలాస జీడిపప్పు పాయసంలో వేసుకునేవాళ్లకు ఆ చేతులు కనిపించవు కదా! ‘నా చేతులు నీకొద్దే’ అని నాన్నమ్మ కూతుర్ని టెక్కలిలో హాస్టల్లో పెట్టి చదివించింది. తర్వాత విశాఖపట్నంలో జనరల్ నర్సింగ్. ఫీజు కోసం నాన్న ఆరు కొబ్బరిచెట్ల కాపును ముందే అమ్మేశాడు.

చదువైతే అయింది గానీ సంబంధాలు కుదరలేదు. ‘రాత్రిడ్యూటీలు చేసే పిల్లా?’ అని వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లేవారు. కట్నం మాట తర్వాత, అసలు నర్సు అనగానే మొహం మారిపోయేది. మూడో సంబంధం తప్పిపోయిన నెలకే అత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టింది. సౌదీ అరేబియాలో ఉద్యోగం. ఆ తర్వాత పెళ్లి ఊసు ఆవిడా ఎత్తలేదు, ఇంకెవర్నీ ఎత్తనివ్వలేదు.

అప్పట్లో ఫోనంటే కాశీబుగ్గ వెళ్లి ఐఎస్‌డీ బూత్‌లో మీటరు చూసుకుంటూ మాట్లాడాలి. అందుకే అత్త క్యాసెట్లు పంపేది. సెలవు మీద వచ్చే ఎవరో ఒకరి చేత టాంగ్ డబ్బా, టైగర్ బామ్, ఒక క్యాసెట్. ఇంటిల్లిపాదీ టేపురికార్డరు చుట్టూ చేరేవాళ్లం. ‘ఒరే అల్లుడూ, బేగి చదువుకోరా, నీకు వాచీ తెస్తాను’ అన్న మాట వినిపించగానే అందరూ నావైపు చూసేవారు. మేమూ ఇటునుంచి రికార్డు చేసి పంపేవాళ్లం. ఒకసారి ప్రత్యేకంగా అడిగింది, ‘మాటలు చాలు, ఈసారి వాన చప్పుడు పంపండి’ అని. శ్రావణమాసంలో మా నాన్న టేపురికార్డరుకు గొడుగు పట్టుకుని పెరట్లో అరగంట నిలబడ్డాడు.

ఆవిడ పనిచేసేది డయాలసిస్ వార్డులో. ఆ మాట మా ఊళ్లో అప్పటికి ఎవరికీ తెలీదు. పాడైన కిడ్నీలు చేయాల్సిన పని మెషీన్ చేస్తుందని, ఒంట్లోని రక్తాన్ని గొట్టంలోకి తీసి వడకట్టి మళ్లీ ఎక్కిస్తారని, ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుందని చెబితే నాన్నమ్మ నమ్మలేదు. నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం నీళ్ల లెక్క. ఒక మనిషికి ఒకసారి డయాలసిస్ చేయాలంటే దాదాపు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు కావాలట! ‘ఎడారిలో అన్ని నీళ్లెక్కడివే?’ అని అడిగింది నాన్నమ్మ.

2003లో అత్త నలభై రోజుల సెలవు మీద వచ్చింది. వచ్చిన రెండోరోజే నాన్న కాళ్లవైపు చూసింది. దగ్గరికెళ్లి మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి పట్టుకుంది. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది. ‘అన్నియ్యా, రేపు శ్రీకాకుళం వెళ్దాం’ అంది. ‘ఏటైందే నాకు, బాగానే ఉన్నాను కదా’ అన్నాడు నాన్న. నిజమే, ఆయనకు నొప్పి లేదు. ఉద్దానం కిడ్నీ జబ్బు తీరే అది. చడీచప్పుడూ లేకుండా ఏళ్లకేళ్లు లోపలే తినేస్తుంది. పొలంలో ఒళ్లొంచి పనిచేసేవాళ్లనే ఎక్కువగా పట్టుకుంటుంది. నీళ్లని కొందరు, ఎండని కొందరు, పురుగుమందులని కొందరు అన్నారు. ఎందరో వైద్యులు, పరిశోధకులు వచ్చి పరీక్షలు చేశారు. ఫలానాదే కారణమని ఇప్పటికీ తేలలేదు. ఒకటికి కాస్త అటూ ఇటుగా ఉండాల్సిన క్రియాటినిన్ నాన్నకు ఆరు దగ్గరుంది.

మిగిలిన సెలవంతా అత్త వంటింట్లోనే గడిపింది. ఉప్పు డబ్బా దాచేసింది. అమ్మకు ఒక జాబితా రాసిచ్చింది. అందులో మొదటిది కొబ్బరినీళ్లు. రెండోది జీడిపప్పు. పొటాషియం ఎక్కువట, పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవట, గుండెకు ప్రమాదమట. కొబ్బరిచెట్ల కింద పుట్టి, జీడితోటలో పెరిగిన మనిషికి ఆ రెండూ వద్దంటే ఏం చెప్పాలి? నాన్న నవ్వాడు. ‘మరి ఉద్దానంలో నన్నెందుకుండమన్నట్టే?’ అన్నాడు.

నలభయ్యో రోజున అత్త వెళ్లిపోయింది. ఊరు ఊరంతా ఆ మాటే అంది, ‘ఎవరెవరికో సేవ చేస్తాది, సొంత అన్నకు చెయ్యదు’ అని. ఆ మాట అత్త చెవిన పడిందని నాకు తెలుసు. జవాబు చెప్పలేదు. నేను చెబుతాను. ఆవిడ ఉండిపోతే ఏం చేసేది? మా చుట్టుపక్కల మెషీన్ లేదు. మెషీన్ లేని డయాలసిస్ నర్సు, వల లేని జాలరి ఒకటే. వారానికి రెండుసార్లు నాన్న తెల్లారకముందే పలాసలో రైలెక్కి, దాదాపు రెండొందల కిలోమీటర్లు వెళ్లి, విశాఖలో డయాలసిస్ చేయించుకుని అర్ధరాత్రికి ఇల్లు చేరేవాడు. ఆ టిక్కెట్లు, మందులు, మెషీన్ ఖర్చు... అన్నీ అత్త జీతమే. తన అన్నకు సూది గుచ్చే అవకాశం లేక, వేరేవాళ్ల అన్నలకు గుచ్చి ఆ డబ్బు పంపింది.

ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. అప్పటికి ఇంటికి ఫోనొచ్చింది. ‘అన్నియ్య చేతిని చెవి దగ్గర పెట్టుకుని విను’ అనేది నాతో. డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపి కుడతారు. ఫిస్టులా అంటారు. అక్కడ చెవి ఆనిస్తే శంఖంలో వినిపించినట్టు ‘జుయ్’మని హోరు వినిపిస్తుంది. హోరు ఆగితే ప్రమాదం. ఆ చేత్తో బరువెత్తకూడదు, ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సెలైన్ ఎక్కించకూడదు. నేను విని ‘వస్తోంది అత్తా’ అంటే, అటు కాసేపు మాట ఉండేది కాదు.

నాన్న 2006లో పోయాడు. అత్తకు టిక్కెట్ దొరికి వచ్చేసరికి మూడోరోజు. మరుసటేడు ఏప్రిల్లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మాదీ ఒకటి. ఆ పథకం కింద తర్వాత డయాలసిస్ ఉచితమైంది.

అప్పులు తీరాక, 2011లో అత్త పూర్తిగా వచ్చేసింది. మా అరుగు మీద సాయంత్రాలు రిపోర్టులు పట్టుకుని జనం కూర్చునేవారు. వైద్యం చేసేది కాదు, అలా ఎవరైనా అడిగితే కసిరేది. కాగితం చదివి, ఏ డాక్టరు దగ్గరికెళ్లాలో చెప్పేది. ఒళ్లునొప్పులకు కిరాణాకొట్లో నొప్పిమాత్రలు కొని మింగేవాళ్లను మాత్రం పేరుపెట్టి తిట్టేది. ఆ మాత్రలు కిడ్నీల మీద చేసే దెబ్బ ఆవిడకు తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పల్లిసారథి దగ్గర తీరం దాటి మా తోటలన్నీ నేలమట్టం చేసినప్పుడు అందరం పడిపోయిన చెట్లు లెక్కపెట్టుకుంటుంటే, అత్త ‘రేపు డయాలసిస్ వంతు ఎవరిది?’ అని వీధంతా తిరిగింది. కరెంటు లేదు, రోడ్డు లేదు. కుర్రాళ్ల చేత గొడ్డళ్లు పట్టించి, ఆటో పోయేంత దారి కొట్టించింది.

హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో వంశధార నీళ్లు రావడం, 2023 డిసెంబరులో పలాసలో రెండొందల పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభం కావడం రెండూ చూసింది. ఆసుపత్రి చూసొచ్చిన రోజు నేనడిగితే, ‘బాగుందిరా, పలాసలోనే ఉంది’ అంది. అంతే. ఆ రాత్రి అన్నం తినలేదు.

కిందటేడు వేసవిలో నిద్రలోనే పోయింది. పాడె మోయడానికి ముందుకొచ్చినవాళ్లలో మా వీధిలో డయాలసిస్ చేయించుకుంటున్న ఇద్దరున్నారు. ఒకాయన ఎడమచేత్తో కర్ర పట్టుకోబోతే, ఆయన భార్య గబుక్కున ఆ చెయ్యి లాగేసింది. ‘ఆ చేత్తో బరువెత్తొద్దని సెప్పింది ఎవరు?’ అంది. ఆయన ఇటు తిరిగి, కుడిభుజం పెట్టాడు.