పాలపళ్ల నాటి పాఠము

కైకలూరు నుండి ఆటపాక మీదుగా కొల్లేటిలోనికి పోవు గట్లవెంట, చేపలచెరువుల కావలిపాకల ముంగిట, మేతసంచుల త్రాళ్లను పీకుచు, కాపలావాని లుంగీ అంచును పట్టి వ్రేలాడుచు, విదిలించినకొలదిని మరింత హుషారుగా మీదికి దుముకు కుక్కపిల్లలు కానవచ్చును. ఏలూరు మేడలయందును, తాడేపల్లిగూడెపు ఉల్లి మార్కెట్టు చుట్టుపట్ల ఇండ్లయందును పెరుగు కుక్కపిల్లల తీరును ఇదియే. తెచ్చిన క్రొత్తలో ముద్దుగా తోచిన ఈ చేష్ట, నెల తిరుగునప్పటికి పసివారి చేతులపై ఎర్రని గాట్లుగా తేలి, "ఇది కరిచే కుక్కండీ, ఎవరికైనా ఇచ్చేద్దాం" అను మాటకు దారితీయుచున్నది.

నిజమునకు ఈ కాటులో కోపము లేదు. చేతులు లేని జంతువు గనుక, ఏది మెత్తనో, ఏది గట్టియో, ఎవరు తనతో ఆడుదురో, అది నోటితోనే తెలిసికొనవలయును. మూడువారముల ప్రాయమున మొలుచుట కారంభించు పాలపళ్లు 28. నాలుగవనెల మొదలు అవి యూడిపోవుచు, ఏడవనెలకు 42 శాశ్వతదంతములు నిలచువరకు చిగుళ్లు సలుపుచునే యుండును. ఈ నడుమనే అది తన దవుడల బలమెంతయో ఎరుగవలయును. ఆ విద్యకు తొలి గురువులు తోబుట్టువులు: ఒకటి గట్టిగా కరచినచో రెండవది కుయ్యిమని ఆట మాని తొలగిపోవును, పొదుగును నొప్పించినచో తల్లి లేచిపోవును. కళ్లు తెరచి తెరువకమున్నే తల్లినుండి వేరుచేయబడిన పిల్ల ఈ చదువు లేకయే మనయింట అడుగుపెట్టును. 2017లో భారతప్రభుత్వము చేసిన నియమములు ఎనిమిదివారములు నిండని పిల్లను అమ్మరాదని శాసించుట ఇందుచేత ఎంతయు సమంజసము.

తల్లి సగములో విడిచిన పాఠమును దండముతో పూరింపజూచుట మన ఇండ్ల వాడుక. ఏలూరికి చేరువనున్న పెదవేగి రాజధానిగా వెలసిన వేంగీదేశమున, రాజరాజనరేంద్రుని ప్రోత్సాహమున నన్నయభట్టారకుడు తెనిగించిన ఆదిపర్వమున, ఆటకై వచ్చిన సారమేయుడను కుక్కపిల్లను జనమేజయుని తమ్ములు నిష్కారణముగా కొట్టగా, తల్లి సరమ వచ్చి రాజునే నిలదీసిన కథ కలదు. కొట్టిన చేతిని పిల్ల ప్రేమింపదు, భయపడును. భయమునుండి పుట్టిన కాటు ఆటకాటు కంటె లోతైనది. మూతి నొక్కిపట్టుటయు, ముక్కుపై చరచుటయు ఇట్టివే.

చేయవలసినది సులభము, కాని ఓర్పు కావలయును. పిల్ల గట్టిగా పట్టినతోడనే చేతిని విదిలింపరాదు. విదిలించిన చేయి పారిపోవు ఎలుకవంటిది, దానిని తరుముట కుక్కజాతికి నైజము. చేతిని కదలనీయక, "చాలు" అని అరవకుండ ఒక్కమాట పలికి, నమలదగినదానిని నోటికందించి, దానిని పట్టినచో మెచ్చుకొనవలయును. మరల చేతినే పట్టినచో, మారుమాటాడక లేచి తలుపవతలికి పోయి, అరనిమిషము తరువాత ఏమియు జరుగనట్లు మరలి రావలయును. కరచినచో ఆట ఆగిపోవునని పిల్లకు తెలియుటయే ఇందలి రహస్యము. తాతగారు "పోనీలే" అని వ్రేళ్లను నోటికిచ్చి ఆడించుచు, కోడలు అదే చేష్టకు కసరినచో, ఆ పిల్లకు ఏ పాఠమును అబ్బదు.

పాత తుండుగుడ్డను పురిపెట్టి ముడివేసి, తడిపి ఫ్రిజ్జులో చల్లబరచి యిచ్చినచో చిగుళ్ల సలుపు తగ్గును. పోగులు ఊడుచున్నచో తీసివేయవలయును. మెప్పుగా నిచ్చుటకు, ముల్లు తీసి ఉడికించిన చేపముక్క గోరంత చాలును. వండిన కోడియెముక చీలి గొంతున గ్రుచ్చుకొనును. తాడేపల్లిగూడెములో ఎంత చవుకగా దొరకినను, ఉల్లిపాయ కుక్క రక్తమునకు చేటు. సంధ్యవేళ ఇల్లంతయు పరుగులిడుచు కనబడినవారినెల్ల కరచు పిల్లకు కావలసినది శిక్ష కాదు, నిద్ర. ఆ ప్రాయమున అది దినమునకు 18 గంటలవరకు నిద్రించును.

ఒళ్లు కొయ్యబారి, చూపు నిలిపి, గుర్రుమనుచు, తిండిగిన్నె చెంతకు వచ్చినవారిని కరచుట మాత్రము ఆట కాదు. అట్టిదానిని పశువైద్యునికి చూపవలయును. ఏలూరివారికి గన్నవరపు పశువైద్య కళాశాలయు దూరము కాదు. పాలపంటి గీతయైనను చర్మము తెగినచో, సబ్బుతో ధారనీటిక్రింద 15 నిమిషములు కడిగి ఆసుపత్రికి పోవలయును. మూడవనెల నిండగనే కుక్కపిల్లకు రేబిస్ టీకా వేయింపవలయును. 1885లో పాశ్చర్ పండితుడు తొమ్మిదేండ్ల బాలునికి టీకా వేసి కాపాడిన నాటినుండి ఈ వ్యాధికి నివారణ కలదు గాని, లక్షణములు పొడసూపిన పిదప ప్రాణము దక్కుట అత్యంత దుర్లభము.

కరచుటను ఒక్కపెట్టున మాన్పింపవలెనను తొందర తగదు. మొదట నొప్పించు కాటును, అది తగ్గిన పిదప మెత్తని కాటును, తుదకు చర్మమును పంట తాకుటను మాన్పించుట క్రమము. ఈ వరుసలో పెరిగిన కుక్క తోకను, పెద్దయైన పిదప, చీకటిలో ఎవరో పొరబాటున త్రొక్కినను, నొప్పితో అది నోరు చాచినను, పండ్లు చర్మముపై ఆనిన మాత్రముననే దవుడలు తమంత తాము సడలును. ఇంటివారు పడిన శ్రమయంతయు ఆ క్షణమునకే.