పట్టుపురుగు ఆత్మరక్షణ

ఆంధ్ర, కన్నడ, తమిళ దేశముల పొలిమేరలు కలియు మూలనున్న వెంకటగిరికోట ప్రాంతమున మల్బరీ తోట పెక్కు సంసారములకు ఆదరువు. గ్రుడ్డు పగిలినది మొదలు గూడు కట్టువరకు పురుగునకు పట్టు కాలము ఇంచుమించు 25 దినములు. ఆ లోపల అది నాలుగు జ్వరములు దాటవలెను. నాలుగవ జ్వరము దాటి, రేపో మాపో చంద్రిక నెక్కవలసిన పురుగు ఉన్నట్టుండి ఉబ్బి, చర్మము చిట్లి, పాలవంటి ద్రవము కారి చచ్చుట ఎరుగని రైతు లేడు. తోటకు పెట్టిన ఎరువు, ఇచ్చిన కూలి, తెచ్చిన అప్పు ఆ తట్టలలోనే కుళ్లిపోవును. ఈ పాలరోగమును దిష్టియనియు గ్రహచారమనియు సరిపెట్టుకొనుట తగదు. దీనికి కారణము కంటికి కానరాని వైరసు. దానిని పురుగు ఎట్లు ఎదుర్కొనగలదో తెలిసికొనుట రైతు బ్రతుకునకు సంబంధించిన విషయము.

మసూచికమునకు మనుష్యులకు వేసినట్టి టీకాలు పట్టుపురుగునకు పనికిరావు. మన రక్తమునందుండు ప్రతిరక్షకములు కీటకములకు లేవు. అంతమాత్రమున అవి నిరాయుధములు కావు. స్వీడను దేశీయుడగు హాన్స్ బోమన్ తన అనుచరులతో ఒక పెద్ద పట్టుచిలుక జాతియొక్క రక్తమునుండి సూక్ష్మజీవులను సంహరించు పదార్థములను వెలికితీసి 1981లో లోకమునకు చాటెను. ఈగ జాతియందు ఇట్టి రక్షణకు మూలమును కనుగొన్న ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు జూల్స్ హాఫ్‌మన్‌కు 2011లో నోబెల్ బహుమానము లభించెను.

ఈ విద్యను మన నేలమీద, మన పురుగులయందే సాగించిన వారు డాక్టరు జె. నాగరాజుగారు. కన్నడదేశమునుండి వచ్చి, హైదరాబాదు నందలి డి.ఎన్.ఏ. వేలిముద్రల, వ్యాధినిర్ధారణ కేంద్రమును వారు తమ కర్మక్షేత్రముగా జేసికొనిరి. మన అడవులలో మద్దిచెట్ల ఆకు మేయు దసలి పురుగును చేపట్టి, అర్చన గాంధే మొదలగువారితో కూడి, 2007లో 'నాడ్యులర్' అను ఒక క్రొత్త మాంసకృత్తును ప్రకటించిరి. రోగక్రిములు లోన ప్రవేశింపగానే పురుగు రక్తకణములు వాటిని చుట్టుముట్టి, గడ్డకట్టి, నల్లబారి, లోపలనే సమాధి చేయును. ఈ వ్యూహరచనకు నాడ్యులర్ తోడ్పడును. దాని ఉత్పత్తిని అణచి చూడగా గడ్డలు తగ్గినవి, రక్తములో క్రిములు హెచ్చినవి. ఊహ రుజువైనది.

అయితే పాలరోగపు వైరసు వేరొక శత్రువు. దానిని ఎదుర్కొనుటకు నాగరాజుగారు హిందూపురము చెంత కిరికెరలోని పట్టుపరిశ్రమ పరిశోధనాసంస్థవారితో చేయి కలిపిరి. వైరసు వృద్ధికి అవసరమగు కొన్ని జన్యువులను ఒక్కుమ్మడిగా మూగవోవజేయు శక్తిని పురుగు సంతతిలోనే నెలకొల్పిరి. అట్టి పురుగులు వైరసు దాడికి తట్టుకొన్నవి. ఆ వ్యాసము 2013 జనవరి సంచికలో అచ్చయినది. కాని 2012 డిసెంబరు 31వ తేదీననే నాగరాజుగారు కాలధర్మము నొందిరి.

జన్యువులు మార్చిన పురుగును గ్రామములలో విడుచుటకు ముందు కఠినమైన పరీక్ష జరుగుట న్యాయమే. ఆ పరీక్షకు ప్రభుత్వము ధనమును, శ్రద్ధను వినియోగింపవలెను. శాస్త్రజ్ఞుని మరణముతో శాస్త్రము ఆగిపోరాదు. ఈ లోపల రైతు చేతిలో ఆయుధము లేకపోలేదు. 1865లో దక్షిణ ఫ్రాన్సుకు వెళ్లిన పాశ్చరు, గ్రుడ్లు పెట్టిన తల్లి చిలుకను నలిపి సూక్ష్మదర్శినితో చూచి, గ్రుడ్డుద్వారా సంక్రమించు పెబ్రిన్ రోగమును తొలగించు పద్ధతిని నేర్పెను. గ్రుడ్ల కేంద్రములకు నేటికిని అదియే శరణ్యము. పాలరోగమునకు మందు లేదు. రోగపు పురుగును వెంటనే ఏరి కాల్చుట, పంటకు పంటకు నడుమ కొట్టమును తట్టలను శుద్ధి చేయుట, పరీక్షించిన గ్రుడ్లనే కొనుట, ఇవే రక్ష.

విద్య హైదరాబాదులోను, నష్టము వెంకటగిరికోటలోను ఉండుట దేశమునకు మేలు కాదు. పురుగు తన్ను తాను రక్షించుకొను విధమును తెలుగు భాషలో, కొట్టము గుమ్మమువద్ద, రైతునకు తెలుపువారు కావలెను. నాగరాజుగారి కృషికి మనము తీర్చవలసిన ఋణము అదియే.