చట్టం దారి చూపినా.. చికిత్సకు చేరని ‘మత్తు’ బాధితులు

మద్యం మాన్పించే కేంద్రం ఎక్కడుందని నలుగురిని అడిగితే ఒకరైనా చెబుతారు. కొకైన్, మెథాంఫెటమిన్, ఎండీఎంఏ వంటి ఉత్తేజకాలకు బానిసైన బిడ్డను ఎక్కడికి తీసుకెళ్లాలో అడగడానికే తల్లిదండ్రులు జంకుతున్నారు. పోలీసు కేసు భయం, పరువు పోతుందన్న బెంగ వారిని గడప దాటనీయడం లేదు.

కేంద్ర సామాజిక న్యాయశాఖ తరఫున ఎయిమ్స్ జరిపి 2019లో వెల్లడించిన సర్వే ప్రకారం, 10-75 ఏళ్ల వారిలో మద్యం తాగేవారు 14.6 శాతం. ఆంఫెటమిన్ తరహా ఉత్తేజకాలు వాడేవారు 0.18 శాతం, కొకైన్ 0.10 శాతం. అంకె చిన్నదే. ఆ చిన్నతనమే వీరికి శాపమైంది. డీ-అడిక్షన్ కేంద్రాల్లో అధికభాగం మద్యం, హెరాయిన్ బాధితులను, అందునా పురుషులను దృష్టిలో ఉంచుకొని నడుస్తున్నవే.

మందు లేని జబ్బు

హెరాయిన్ వ్యసనానికి బుప్రెనార్ఫిన్, మెథడోన్ ఉన్నాయి. ఉత్తేజకాలకు అటువంటి ఆమోదిత ఔషధం నేటికీ లేదు. కౌన్సెలింగ్, ప్రవర్తనా చికిత్సలే ఆధారం. మూత్రపరీక్షలో మత్తు జాడ కనిపించని ప్రతిసారీ చిన్న బహుమతి ఇచ్చే పద్ధతి విదేశాల్లో మంచి ఫలితాలిచ్చినా, మన దగ్గర అరుదు. పైగా మద్యం మానినవారికి వలె వీరికి చేతులు వణకవు. రోజుల తరబడి నిద్ర, నిస్త్రాణ, దిగులు, ఒక్కోసారి ఆత్మహత్య ఆలోచనలు కలుగుతాయి. ఇంటివారు దానిని అలసటగా భావించి, తోడు అవసరమైన ఆ రోజుల్లోనే ఒంటరిగా వదిలేసే ప్రమాదముంది.

ఏమిటీ 64-ఎ?

మాదకద్రవ్యాల నిరోధక చట్టం (1985) 27వ సెక్షన్ కింద కొకైన్ సేవించినవారికి ఏడాది వరకు జైలు, రూ.20 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అయితే అదే చట్టంలోని 64-ఎ సెక్షన్ గురించి తెలిసినవారు తక్కువ. వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స పొందితే, వాడకం, స్వల్ప పరిమాణం కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ లభిస్తుంది. చికిత్స మధ్యలో మానితే ఆ రక్షణ ఉపసంహరించవచ్చు. గుర్తింపు లేని ప్రైవేటు కేంద్రంలో చేరితే అసలు వర్తించదు.

చిక్కు మరొకటి ఉంది. ఎండీఎంఏకు ‘స్వల్ప పరిమాణం’ అర గ్రామే. కలిపిన పొడితో సహా మొత్తం బరువునే లెక్కించాలని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే రెండు మాత్రలకే హద్దు దాటిపోవచ్చు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన స్థితులనూ మానసిక అనారోగ్యంగానే పరిగణిస్తోంది. ఈ చట్టం కింద రోగి వివరాలను గోప్యంగా ఉంచడం వైద్యుల విధి. విశాఖ చినవాల్తేరు, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలల్లో ఈ చికిత్స లభిస్తుంది. సలహాకు ఉచిత ఫోన్ నంబర్లు 14446, 14416. ఛాతీనొప్పి, విపరీతమైన జ్వరం, మూర్ఛ కనిపిస్తే మాత్రం ఫోన్లతో కాలయాపన చేయక 108ని పిలిచి, ఏం తీసుకున్నదీ వైద్యునికి దాచకుండా చెప్పాలి.