పందిపాలలో వెన్న

పంది పేరెత్తితే ముఖం చిట్లించేవారే ఎక్కువ. కాని ఈనిన పందిని, దాని పొదుగు దగ్గర బారులు తీరిన పిల్లలను ఒక్కసారి నిలబడి చూడండి. అప్పుడే పుట్టిన పందిపిల్ల సాధారణంగా కిలోన్నర కూడా తూగదు. ఒంటిమీద దట్టమైన బొచ్చు లేదు. ఒంట్లో కొవ్వు బరువులో 1, 2 శాతమే. చలి తగిలి, పాలు అందకపోతే అది ఎక్కువసేపు బతకదు. మూడు వారాలు తల్లిపాలు తాగితే దాని ఒంట్లో కొవ్వు 10 శాతం దాటుతుంది.

ఆవుపాలలో వెన్న సుమారు 4 శాతం. పందిపాలలో 6 నుంచి 8 శాతం వరకు ఉంటుంది. అంటే అవి గేదెపాలకు తీసిపోవన్నమాట! ఇంత వెన్న ఎక్కడినుంచి వస్తుంది?

పొదుగు లోపల ద్రాక్షగుత్తుల వలె కంటికి ఆనని సంచులు ఎన్నో ఉంటాయి. ప్రతి సంచి గోడలో ఒక వరుస కణాలు, చుట్టూ సన్నని రక్తనాళాలు ఉంటాయి. వెన్న తయారయ్యేది ఈ కణాలలోనే. దానికి కావలసిన కొవ్వు ఆమ్లాలు కొన్ని రక్తంలోనుంచి వస్తాయి. అవి తల్లి తిన్న మేతలోనివి, ఒంట్లో దాచుకున్నవి. మిగిలినవాటిని కణాలే తయారు చేసుకుంటాయి. ఆవు కడుపులో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి. అప్పుడు పుట్టే ఎసిటిక్ ఆమ్లం ఆవు పొదుగుకు ముడిసరుకు. పంది నెమరు వేయదు. కనుక దాని పొదుగు ముఖ్యంగా రక్తంలోని గ్లూకోజును వాడుకుంటుంది. గింజలలోని పిండిపదార్థం చక్కెరగా మారి, ఆ చక్కెర వెన్నగా మారడం వింతే కదా!

మూడు కొవ్వు ఆమ్లాలు ఒక గ్లిసరాల్ అణువుతో కూడితే ఒక కొవ్వు అణువు ఏర్పడుతుంది. ఇలాంటివి అనేకం చేరి చిన్న బిందువు అవుతుంది. అది కణం అంచుకు చేరి, ఆ కణపు పొరనే దుప్పటిలా కప్పుకొని పాలలోకి జారుతుంది. ఆ పొర వల్లనే బిందువులు ఒకదానికొకటి అంటుకోవు. పెరుగు చిలికేటప్పుడు మనం పగులగొట్టేది ఇలాంటి పొరలనే.

ఈనడానికి కొద్దిరోజుల ముందునుంచి మేతలో నూనె కలిపితే పాలలో వెన్న పెరుగుతుంది. మేత చాలకపోయినా తల్లి వెంటనే పాలు ఆపదు. తన ఒంటి కొవ్వునే కరిగించి పిల్లలకు ఇస్తుంది. అందుకే అరకొర మేతతో పిల్లలను సాకిన పందికి, అవి పాలు మానే నాటికి వెన్నెముక పైకి తేలి కనిపిస్తుంది.